అమ్మ తుడుచుకున్న బొట్టు

మా అమ్మ తన బొట్టు తానే తుడుచుకున్న రోజున నేను చంకపిల్లను. ఆ రోజు నాకు గుర్తుండే వీలే లేదు. అయినా అక్కడే నిలబడి చూసినట్టు చెప్పగలను, ఎందుకంటే మా ఇంట్లో ఆ సంగతి చెప్పుకోని ఏడాది లేదు. పిల్లల పుట్టినరోజులు మర్చిపోయినా ఆ రోజును మాత్రం అమ్మ మర్చిపోయేది కాదు.

అమ్మది కురుడుమలె పక్కన ఒక పల్లె. రాగిచేలు, మామిడితోట, ఇంటి నిండా పట్టుపురుగుల తట్టలు. చిన్నప్పుడు వాళ్ల అవ్వ చెయ్యి పట్టుకుని కురుడుమలె వినాయకుడి గుడికి నడిచి వెళ్లేదట. నాన్నది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. తాత కాలం నుంచీ గనిలో పని, తాత కాలం నుంచీ చర్చి. వీళ్లిద్దరికీ పెళ్లెలా కుదిరిందన్నది పెద్ద కథ, ఇప్పుడు వద్దు. పెళ్లయి గని లైన్లలోకి, గనివాళ్ల ఇళ్ల వరసల్లోకి, కాపురానికి వచ్చాక కూడా అమ్మ రోజూ బొట్టు పెట్టుకునేది. నాన్న ఒక్క మాట అనలేదు. ఆదివారం ఆయనతో పాటు చర్చికి వెళ్లి, వెనక బెంచీలో బొట్టుతోనే కూర్చునేది.

నేను పుట్టాక ఒక రోజు, తాను బాప్తిస్మం తీసుకుంటానని ఆమే అంది. ఎవరూ అడగలేదు. బాప్తిస్మం రోజు పొద్దున అమ్మమ్మ మా ఇంట్లోనే ఉంది, నన్ను చూసుకోవడానికి వచ్చి. నాన్న రాత్రి షిఫ్టులో గనిలోకి దిగి ఇంకా పైకి రాలేదు. అమ్మ తలస్నానం చేసి, అద్దం ముందు నిలబడి, తడిగుడ్డతో నుదురు తుడుచుకుంది. అది చూసి అమ్మమ్మ గుండె బాదుకుంది.

"మొగుడు భూమి లోపల ఉండాడు. ఇంగా పైకి రాలేదు. ఇప్పుడు బొట్టు తుడుచుకుంటావా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

అమ్మ గట్టిగా కూడా మాట్లాడలేదట. "ఇన్నాళ్లూ ఆయన్ని బొట్టు కాపాడతాదనుకుంటిని. ఈపొద్దు నుంచి దేవుడు కాపాడతాడు" అందట.

అమ్మమ్మ ఆ పూటే సంచి తీసుకుని బస్సెక్కింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మా గడప తొక్కలేదు.

గని ఊళ్లో బతకని వాళ్లకు అమ్మ అన్న ఆ మాట బరువు తెలియదు. ఆ రోజుల్లో లోపలెక్కడో ఒత్తిడికి బండ పేలితే పైన మా ఇళ్లలో అటక మీది గిన్నెలు మోగేవి. ఆడవాళ్లు పొయ్యి మీదిది పొయ్యి మీదే వదిలేసి గని వాకిలి దగ్గరికి పరిగెత్తేవాళ్లు. అమ్మా పరిగెత్తేది, నా చెయ్యి పట్టుకుని. చుట్టూ ఉన్న ఆడవాళ్లు బొట్టునూ తాళినీ తడుముకుంటుంటే, అమ్మ ఖాళీ నుదురుతో నిలబడి ఒకే ప్రార్థన చేసేది. "లోపలికి పోయిన మనిషిని పైకి తీసుకురా తండ్రీ." అంతే. ముందూ లేదు, వెనకా లేదు. నాన్న పైకి వచ్చేదాకా అదే మాట. ప్రతిసారీ నాన్న వచ్చాడు. మా వీధిలో కొందరి ఇళ్లకు రాలేదు. అందుకని అమ్మ ఎప్పుడూ గొప్పలకు పోలేదు. ఆ ఇళ్లకు అన్నం వండి పట్టుకెళ్లేది.

నాన్న భక్తి వేరే రకం. ఆయనకు దేవుడెంతో గడియారమూ అంతే. గని సైరన్‌ను మా లైన్లలో సంగు అనేవాళ్లం. తెల్లవారి సంగు కూయగానే ఇంటిల్లిపాదీ లేచి ముఖం కడుక్కుని ప్రార్థనకు కూర్చోవాలి. జ్వరమొచ్చినా కూర్చోవాలి. తర్వాత గని మూతపడింది, సంగు ఆగిపోయింది, మా నాన్న మాత్రం ఆగలేదు. అదే వేళకు లేచి అమ్మను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. "సంగు లేకపోతే ఏమి, దేవుడు డ్యూటీ దిగి ఇంటికి పోయినాడా?" అనేవాడు.

నేను అదే లైన్లో రెండిళ్ల అవతల కాపురముంటాను. జాకెట్లు కుడతాను. నాకు నోరెక్కువని లైన్లో అందరూ అంటారు, అది అబద్ధమూ కాదు. చర్చికి వెళతాను, పాడతాను, ప్రసంగం పొడుగైతే ఆవలిస్తాను. నాన్నకున్నంత పట్టుదల నాకు లేదు, అమ్మకున్నంత ధైర్యమూ లేదు.

మతిమరుపు మా ఇంటికి నవ్వులతో వచ్చింది. మా వాళ్లలో పిడికిలి బియ్యమని ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి చర్చి కోసం డబ్బాలో వేస్తాం. అమ్మ ఆ పిడికెడు వేసేది. వేసిన సంగతి మర్చిపోయి మళ్లీ వేసేది. మళ్లీ వేసేది. ఒక పూట ఎసట్లో ఉత్త నీళ్లు మరుగుతున్నాయి, బియ్యమంతా దేవుడి డబ్బాలో ఉంది. నాన్న మూత తీసి చూసి, "ఈపొద్దు దేవునికి విందు, మనకు ఉపవాసం" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. భోజనం ముందు ప్రార్థన చేసి, రెండు ముద్దలు తిని, మళ్లీ కళ్లు మూసుకునేది. "అమ్మా, దేవుడికి చెవుడొచ్చిందనుకున్నావా?" అని నేను ఆటపట్టించేదాన్ని.

కోలార్లో పెద్ద డాక్టరుకు చూపించాం. మందులున్నాయి కానీ జబ్బు పోయేది కాదన్నాడు. జ్ఞాపకాలు వచ్చిన దారినే వెనక్కి వెళతాయి, కొత్తవి ముందు పోతాయి, పాతవి చివరిదాకా ఉంటాయి అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు తమక ఊరు దాటుతుండగా నేను నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. అమ్మకు చర్చి నిన్న మొన్నటిది కాదు కదా, అది పోదులే అనుకున్నాను. అమ్మలో చర్చి కన్నా పాతది ఇంకొకటుందని నాకు తట్టలేదు.

అమ్మకు మాత్రం ముందే తెలిసింది. ఇంకా మాట తెలివి ఉన్న రోజుల్లోనే ఒక పొద్దున ప్రార్థన అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుంటూ నాన్నను అడిగింది.

"ఇంగ కొన్నాళ్లకు నేను ప్రభువును కూడా మర్చిపోతానేమో. అప్పుడు ఎట్ల?"

నాన్న ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు మర్చిపోతే నేను జ్ఞాపకం పెట్టుకుంటా. నీది కూడా నేనే పట్టుకుంటా. నువ్వు భయపడొద్దు" అన్నాడు.

"మాట ఇస్తివి, చూడు."

"ఇస్తిని."

నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను. వాళ్లిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత అన్నీ ఆమె చెప్పినట్టే అయ్యాయి. ముందు నా పిల్లల పేర్లు పోయాయి, తర్వాత నా పేరు. చర్చి పాటల్లో మొదటి మాట అందిస్తే మిగతాది పాడేది, ఆ తర్వాత అదీ పోయింది. నాన్న రోజూ పొద్దున చిన్నపిల్లకు చెప్పినట్టు ప్రార్థనలో ఒక్కో మాట చెప్పి పలికించేవాడు. ఆమె పలికేది, మర్యాద కొద్దీ. ఊరికొచ్చిన చుట్టం మాట కాదనలేక తలూపినట్టుండేది. నాన్నకు ఆ తేడా తెలియక కాదు. పలికించడం మాత్రం మానలేదు.

అటు తగ్గే కొద్దీ ఇటు పల్లె పెరిగింది. పురుగులకు మల్బరీ ఆకు వేశారా అని అడిగేది. కురుడుమలె గుడిలో వినాయకుడు ఎంత పెద్దగా ఉంటాడో చేతులు చాపి నాకు చూపించేది. ఆ చెప్పేటప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూసి నాకు సంతోషమేసేది, మరుక్షణం నాన్న వైపు చూసి భయమేసేది.

నేను కుట్టుపని తెచ్చుకుని అమ్మ దగ్గరే కూర్చునేదాన్ని, ఆమెకు కాపలాగా. గుడ్డ మీద గీతలు గీసుకునే ఎర్ర సుద్ద ముక్క ఒకటి నా డబ్బాలో ఉండేది. ఒక ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరుతుండగా చూస్తే, అమ్మ అద్దం ముందు నిలబడి ఉంది. నుదుటి మీద గుండ్రంగా ఎర్రటి బొట్టు. సుద్దను నీళ్లతో తడిపి పెట్టుకుంది. ఎంత తీరుగా పెట్టుకుందో. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కూడా మర్చిపోయిన మనిషి, ఆ బొట్టును మాత్రం కొంచెమైనా పక్కకు జరగకుండా పెట్టుకుంది.

నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి ఆగిపోయాడు. ఆయన ముఖంలో కోపం లేదు. కోపమైతే నేను అరిచి ఆపేదాన్ని. బండ కూలేటప్పుడు తోటి మనిషిని పక్కకు లాగినట్టు, ఆలోచన లేకుండా, భుజం మీది తువ్వాలు కొన తడిపి గబగబా ఆమె నుదురు తుడిచేశాడు.

"ఇది వద్దు కదా మనకు" అన్నాడు మెల్లగా.

అమ్మ నుదురు తడుముకుంది. అద్దంలో చూసుకుంది. మళ్లీ తడుముకుంది. ఆమె ముఖం నా కళ్ల ముందే పాలిపోయింది. గోడకు ఆనుకుని కింద కూర్చుని, కొంగు తల నిండా కప్పుకుంది. చేతి గాజులు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టసాగింది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

"ఎప్పుడు పోయినాడు?" అని నన్ను అడిగింది. "లోపల బండ పేలిందా? నాకు ఒక మాట చెప్పలేదే ఎవరూ."

నాన్న ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నేను ఉండాను కదే. చూడు. నేనే" అన్నాడు.

అమ్మ కన్నీళ్లలోంచి ఆయన్ని చూసింది. తెల్లజుట్టు, పళ్లూడిన నోరు, ముడతలు. చేతులు జోడించింది. "తాతా, నువ్వు పెద్దోడివి, నువ్వన్నా నిజం చెప్పు. మా ఇంటాయన గనిలోకి దిగినాడు. చిన్న వయసు. ఇంగా పైకి రాలేదు. ఈ ముసలామె ఏమీ చెప్పడం లేదు" అంది. ఆ ముసలామె నేనే.

ఆ రోజు మేము చర్చికి వెళ్లలేదు. అమ్మ అన్నం ముట్టలేదు. నాన్న ఆమె ఎదురుగా కూర్చుని, తన చావుకు తన పెళ్లాం ఏడుస్తుంటే చూస్తూ ఉండిపోయాడు.

మతిమరుపు మనిషి కదా, రేపటికి మర్చిపోతుందిలే అనుకున్నాం. మర్చిపోయేది కూడా. నిద్ర లేచేటప్పుడు మామూలుగానే లేచేది. లేవగానే చెయ్యి నుదుటి మీదికి వెళ్లేది. అక్కడ ఏమీ ఉండేది కాదు. మళ్లీ మొదలు. కొంగు తల మీదికి వచ్చేది, గాజులు కిందికి దిగేవి, ఎప్పుడు పోయినాడని కొత్తగా అడిగేది. ఒకసారి విన్న చావు కబురు ఏళ్ల మీద పాతబడుతుంది. మా అమ్మకు అది ఏ రోజుకారోజు కొత్తదే. అద్దం తీసి దాచాను. ఆమె వేళ్లు ఎక్కడ దాచను?

సుద్దను నాన్న తీసి అటక మీద పెట్టాడు. నేను చూసీ చూసీ ఒక పొద్దున ఉండబట్టలేక అడిగేశాను.

"నాయనా, బజారుకు పోయి కుంకుమ కొనుక్కొస్తా. పెట్టేద్దాం. ఎవరేమనుకుంటే నాకేమి."

"వద్దు."

"ఏంటికి వద్దు? చర్చిలో పెద్దమనుషులు ఏమన్నా అంటారనా?"

"వాళ్లు కాదు." నాన్న అటక వైపు చూశాడు. "ఆమె దేవునికి ఇచ్చింది అది ఒకటే అమ్మా. నేను అడగలేదు, పాదిరి అడగలేదు. నేను లోపల ఉండంగా, నా ప్రాణాన్ని దేవుని చేతిలో పెట్టి, తానే తుడుచుకునింది. తెలివి ఉంటే ఇప్పుడు మాత్రం వెనక్కి అడుగుతాదా? తెలివి లేని మనిషి దగ్గర నేను ఎట్ల వెనక్కి తీసుకునేది? నీది కూడా నేను పట్టుకుంటా అని మాట ఇస్తిని. నువ్వూ వింటివి."

"మాట ఇచ్చింది నువ్వు" అన్నాను. "రోజూ ముండమోసేది ఆమె."

అనకూడని మాటే. కానీ నిజం అంతకన్నా మెత్తగా ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నాన్న తల వంచుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన కూడా పొద్దుటి పూట తినడం మానేశాడు. ఉపవాసమన్నాడు. నాకు అప్పుడు దేవుడి మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. చర్చిలో అందరితో పాటు నిలబడేదాన్ని, పెదవులు కదిపేదాన్ని, లోపల ఒకటే అడిగేదాన్ని. తనకు ప్రాణం కన్నా ఎక్కువైన మనిషిని నీకు అప్పజెప్పింది కదా, కనీసం అప్పజెప్పిన సంగతైనా ఆమెకు మిగల్చలేకపోయావా?

చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు వయసులో నా కొడుకంత ఉంటాడు. ఒక పొద్దున పలకరించడానికి వచ్చి, అమ్మ ఏడుపంతా కళ్లారా చూశాడు. నాన్న సంగతంతా చెప్పి ఏం చేయమంటావని అడిగాడు. ఆ అబ్బాయి కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"అయ్యా, దేవుడు నుదురు చూడడు, మనసు చూస్తాడు" అన్నాడు. నాన్నకు ఊరటగా ఉంటుందని అన్నాడు పాపం. ఖాళీ నుదురున్నా బొట్టున్నా దేవుడికి ఒకటేనని అతని ఉద్దేశం.

"దేవుడు చూడడప్పా, సరే" అన్నాడు నాన్న. "ఆమె చూసుకుంటాది కదా, రోజూ."

ఆ మాట అన్నాక నాన్నే ఆగిపోయాడు. తాను అన్నది తానే ఇప్పుడు విన్నట్టు కూర్చున్నాడు. పాస్టరు ప్రార్థన చేసి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు వాకిట్లో నిలబడి కళ్లు తుడుచుకోవడం చూసి, అంతదాకా అతని మీదున్న చిరాకు కూడా నాకు పోయింది.

మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి నాన్న స్టూలేసుకుని అటక తడుముతున్నాడు. ఆ వయసులో స్టూలెక్కినందుకు నేను కేకలేశాను. ఆయన పట్టించుకోలేదు.

"ఆ సుద్ద యాడ పెడితినో కనబడలేదు."

"కుంకుమ తెస్తానన్నా కదా."

"కుంకుమ వద్దు. సుద్దే చాలు. ఇది ఉత్త రంగు."

అంత గుండె పగిలే వేళ కూడా దేవుడి దగ్గర ఇంత సందు మిగుల్చుకోవాలని చూశాడు మా నాన్న. నేను నవ్వలేదు. స్టూలెక్కి వెతికి తీసిచ్చాను.

అమ్మ అప్పుడే లేచి కూర్చుంది. చెయ్యి ఇంకా నుదుటికి వెళ్లలేదు. నాన్న వేలు నీళ్లలో ముంచి సుద్ద మీద రుద్దాడు. ఆయన జీవితంలో ఎవరికీ బొట్టు పెట్టలేదు, పెళ్లిలో కూడా. గనిలో డ్రిల్లు పట్టిన వేళ్లు, ఎప్పటి నుంచో నిలకడ లేని వేళ్లు. కళ్లు మూసుకుని ఏదో అనుకుని, ఆమె గడ్డం కింద ఒక చెయ్యి పెట్టి, నుదుటి మీద వేలు ఆనించాడు. బొట్టు కొంచెం వంకరగా వచ్చింది.

దాచిన అద్దం నేనే తెచ్చి పట్టుకున్నాను. అమ్మ చూసుకుంది. ముఖం విప్పారింది. గాజులు సర్దుకుంది. ఎన్నో రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆమె గొంతు ఏడుపు లేకుండా వినబడింది.

"షిఫ్టు దిగే పొద్దయింది. ఆయనకు నీళ్లు కాచాల" అంటూ లేచింది. లేచి, ఎదురుగా నిలబడ్డ నాన్నను చూసి ఇబ్బందిగా కొంగు సర్దుకుంది. "తాతా, తప్పుగా అనుకోవద్దు. మొగోడు లేని ఇంట్లో నువ్వుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? బయట అరుగు మీద కూర్చో. మా ఇంటాయన వచ్చినాక పిలుస్తా."

నేను నోరు తెరవబోయాను. నాన్న చేత్తో వద్దని సైగ చేసి, చెప్పులేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లాడు. మొగుణ్ణి ఆమెకు తిరిగి ఇచ్చినందుకు ఆయనకు దక్కింది అరుగు.

ఆ తర్వాత అదే అలవాటైంది. పొద్దున అమ్మ కళ్లు విప్పీ విప్పక ముందే నాన్న సుద్ద తడిపి బొట్టు పెట్టేవాడు. వెంటనే లేచి అరుగు మీదికి వెళ్లేవాడు. ఎండ వచ్చినా అక్కడే, బంగారం తీశాక పోసిన సయనైడ్ మట్టి దిబ్బల మీద గాలి లేచి తెల్లదుమ్ము కొట్టినా అక్కడే. లోపల అమ్మ సంతోషంగా ఎదురుచూసేది. పొద్దెక్కే వేళకు ఎవరి కోసం ఎదురుచూస్తోందో మర్చిపోయేది, అప్పుడాయన లోపలికి వచ్చేవాడు. "తాతా, అన్నం తిన్నావా?" అని అడిగి, కంచం ముందు పెట్టమని నాకు చెప్పేది. వాకిట్లోకి వచ్చిన ముసలివాడికి అన్నం పెట్టే గుణం ఆమెకు పోలేదు. నాన్న ఆ అన్నం తిని బతికాడు.

ఒక పొద్దున కాఫీ ఇవ్వడానికి అరుగు మీదికి వెళితే నాన్న కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నాడు. ఎప్పటి వేళే. కానీ మాటలు ఆయనవి కావు. "లోపలికి పోయిన మనిషిని పైకి తీసుకురా తండ్రీ. లోపలికి పోయిన మనిషిని పైకి తీసుకురా" అంటున్నాడు. అమ్మ గని వాకిలి దగ్గర నిలబడి ఆయన కోసం చేసిన ప్రార్థన అది. ఇప్పుడు ఆయన వాకిట్లో కూర్చుని ఆమె కోసం చేస్తున్నాడు. నేను కాఫీ అక్కడ పెట్టి ఇంటికి పరిగెత్తి తలుపేసుకుని ఏడ్చాను. చర్చిలో కొన్నాళ్లుగా ఉత్త పెదవులు కదిపే నేను, ఆ రోజు ఆ ఒక్క మాటా గొంతెత్తి అన్నాను.

ఆదివారం ఆమెను బొట్టుతోనే చర్చికి తీసుకెళ్లాం. ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంటుంటే, నా నోరు ఊరుకోదు కదా, "ఏమన్నా ఉంటే ఇట్ల తిరిగి చెప్పక్కా" అన్నాను. ఆమె పాటల పుస్తకంలో తల దూర్చింది. ప్రభు బల్ల దగ్గర పాస్టరు రొట్టె ముక్క చేతిలో పెడితే, అమ్మ రెండు చేతులూ దోసిలి పట్టి కళ్లకద్దుకుంది. "ప్రసాదమా తాతా?" అని నాన్నను అడిగింది. "అవునమ్మా, తీసుకో" అన్నాడు నాన్న. ఆ రోజు ఆయన పక్కనే మోకరించాను, కానీ ఆయన ముఖం వైపు చూడలేకపోయాను.

మామిడికాయలు బజారుకు వచ్చే రోజుల్లో అమ్మకు జ్వరం పట్టుకుంది. తగ్గలేదు. ఒక పొద్దున నాన్న బొట్టు పెట్టి, అలవాటు ప్రకారం బయటికి వెళ్లబోతుంటే, ఆమె ఆయన చొక్కా కొన పట్టుకుంది. గుర్తుపట్టి పట్టుకుందో, ఊరికే చేతికందితే పట్టుకుందో నాకు తెలియదు. ఎన్నిసార్లు తలుచుకున్నా తెలియదు. నాన్న వెళ్లకుండా కూర్చుండిపోయాడు. ఆ పట్టు విడవకుండానే ప్రాణం పోయింది.

లైన్లో ఆడవాళ్లు వచ్చి స్నానం చేయించి తెల్లచీర కట్టారు. బొట్టు దగ్గరికి వచ్చేసరికి ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. అప్పటికి ఆ బొట్టు సంగతి లైన్లో అందరికీ తెలుసు. పెట్టె వచ్చింది, సమాధుల తోటకు తీసుకెళ్లే పొద్దవుతోంది. ఒక పెద్దావిడ తడిగుడ్డ పట్టుకుని నా వైపు చూసింది.

"వద్దు" అని అరిచాను. "తుడవొద్దు. తుడిస్తే మళ్లీ ఏడుస్తాది."

అన్నాక నా మాట నాకే వినబడింది. తలుపు దగ్గర కూర్చున్న నాన్న లేచి వచ్చి, నా తల మీద చెయ్యి వేశాడు.

"ఏడవదమ్మా" అన్నాడు. "పైకి వచ్చేసింది. ఇంగ ఆమెకు అన్నీ జ్ఞాపకం వచ్చి ఉంటాయి. తాను ఇచ్చింది, నేను దాచింది. నేనెవరో కూడా."

తువ్వాలు కొన నీళ్లలో తడిపి, ఈసారి తొందరపడకుండా, మెల్లగా ఆమె నుదురు తుడిచాడు. నేను అమ్మ ముఖం వైపే చూస్తున్నాను. అమ్మ ఏమీ అడగలేదు.